ఫైబ్రోమయాల్జియా ఉండగా గాల్‌బ్లాడర్ ఆపరేషన్ – నా అనుభవం

2025 జులై 17న సికింద్రాబాద్‌లోని ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో నాకు గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీసేశారు. లాపరోస్కోపీ, పొట్ట మీద నాలుగు చిన్న కోతలు, మర్నాడు సాయంత్రానికి ఇంటికి. ఇంతే అయితే రాయాల్సిన పని లేదు, వీధికి ఇద్దరైనా ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు దొరుకుతారు. నాకు 2017 నుంచి ఫైబ్రోమయాల్జియా ఉంది. ఒళ్లంతా నొప్పులు, పొద్దున లేచేసరికి రాత్రంతా సిమెంటు బస్తాలు మోసినంత అలసట, రక్తపరీక్షలు చేస్తే మాత్రం అన్నీ నార్మల్. ఇలాంటి ఒంటికి ఆపరేషన్ చేస్తే ఏమవుతుందో ముందుగా చెప్పేవాళ్లు నాకెవరూ దొరకలేదు. అందుకే గుర్తున్నంతవరకు తేదీలతో సహా రాస్తున్నాను. నాకు 43 ఏళ్లు. పద్మారావునగర్‌లో ఉంటాం. ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్తాను.

మొదలైంది ఫిబ్రవరిలో. మాఘమాసం పెళ్లి విందు తిని వచ్చిన రాత్రి, రెండింటప్పుడు కుడి పక్కటెముకల కింద పట్టేసింది. అక్కడి నుంచి వెనక్కి, రెక్క కిందికి పాకింది. రెక్క కింద నొప్పి నాకు కొత్త కాదు, ఎనిమిదేళ్లుగా అక్కడే కాపురం ఉంటోంది. వేడినీళ్ల సంచి పెట్టుకుని కూర్చున్నాను. తెల్లవారుజామున తగ్గింది. మర్నాడు వీధి చివరి క్లినిక్‌కి వెళ్తే డాక్టరు పొట్ట నొక్కి చూసి, నా పాత చీటీలు తిరగేసి, "ఇది మీ పాత జబ్బేనమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని గ్యాస్ మాత్ర రాశారు. మార్చిలో ఇంకోసారి, మే నెలలో ఇంకోసారి. ప్రతిసారీ నూనె వస్తువు తిన్నాకే. ఒకసారి ఫైలు మీద ఫైబ్రో అని పడ్డాక ఇక ఏ నొప్పి వచ్చినా దాని ఖాతాలోకే రాసేస్తారు. ఇది పడినవాళ్లందరికీ తెలుసు.

జూన్ మొదట్లో నా ఫైబ్రోకి వైద్యం చేసే రుమటాలజిస్ట్ మేడమ్ దగ్గర మామూలు రివ్యూ. మాటల్లో మాటగా ఈ సంగతి చెప్పాను. ఆవిడ రాయడం ఆపి అడిగారు: "ఈ నొప్పి మొదలై, పెరిగి, మళ్లీ పూర్తిగా పోతోందా?" అవునన్నాను. "మీ ఫైబ్రో నొప్పి ఎప్పుడైనా అలా పూర్తిగా పోయిందా?" లేదు. వెంటనే అల్ట్రాసౌండ్ రాశారు. స్కానింగ్ 1,200 రూపాయలు, ఖాళీ కడుపుతో రమ్మన్నారు. ప్రోబ్ పెట్టి పక్కటెముకల కింద నొక్కుతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ డాక్టరమ్మ స్క్రీన్ నా వైపు తిప్పి చూపించింది. నల్లటి సంచిలో తెల్లగా మెరుస్తూ గుంపుగా రాళ్లు, అన్నింటికన్నా పెద్దది 9 మిల్లీమీటర్లు.

చెప్తే విడ్డూరంగా ఉంటుంది గానీ, నాకు సంతోషం వేసింది. నా నొప్పి ఒక తెర మీద కనిపించడం అదే మొదటిసారి.

జూన్ 23, సోమవారం మొదటి సర్జన్ దగ్గరికి వెళ్లాం. ఫీజు 800, గంటన్నర పైనే ఎదురుచూపు, లోపల పట్టుమని పది నిమిషాలు కూడా లేము. "చిన్న ఆపరేషనమ్మా, మూడో రోజుకి మీ వంట మీరే చేసుకుంటారు" అన్నారాయన. నాకు ఫైబ్రోమయాల్జియా ఉంది, దానికి డ్యులోక్సెటిన్, ప్రీగాబాలిన్ అనే మందులు వాడుతున్నానని చెప్పాను. "దానికీ దీనికీ ఏం సంబంధం లేదు" అన్నారు. వైద్యం లెక్కన ఆయన అన్నది నిజమే. నా రాళ్లకీ నా ఫైబ్రోకీ సంబంధం లేదు. కానీ ఆయన కోయబోయేది ఆ ఒంటినే కదా! బయటికి వచ్చి మా ఆయనతో అదే అన్నాను. "ఇంకొకరికి చూపిద్దాం పద" అన్నారు.

ఆ శనివారం రెండో సర్జన్‌ని కలిశాం, ఈవిడ లేడీ డాక్టర్. రిపోర్టు చూసి రాళ్లు తీయించుకోక తప్పదన్నారు. ఒక రాయి జారి పిత్తనాళంలో పడితే కామెర్లు వస్తాయి, క్లోమం వాస్తే ఐసీయూ దాకా వెళ్లొచ్చు. ఆ తర్వాత "మీ భయం ఏంటి?" అని అడిగారు. ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గకుండా ఉండిపోతుందేమో, ఇప్పుడున్న దానికి ఇంకొకటి తోడవుతుందేమో అన్నాను. ఆవిడ ధైర్యం చెప్పలేదు. "ఉండిపోదని నేను రాసివ్వలేను. మీలాంటివాళ్లకి ఆపరేషన్ తర్వాత నొప్పి మిగతావాళ్ల కన్నా ఎక్కువ ఉండొచ్చు, ఫ్లేర్, అంటే పాత నొప్పులన్నీ ఒక్కసారిగా ఎగదన్నడం, అది కూడా రావొచ్చు. వస్తుందనే అనుకుని ఏర్పాటు చేసుకుందాం" అన్నారు. ఆ మాటతోనే ఈవిడ చేతే చేయించుకోవాలని నిర్ణయించుకున్నాను. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, మత్తు డాక్టర్‌ని ఆపరేషన్ రోజు పొద్దున కాకుండా వారం ముందే కలవాలి. తేదీ కూడా ఆ మత్తు డాక్టర్ డ్యూటీ చూసి జులై 17 ఇచ్చారు.

ఇంట్లో అత్తమ్మకి ఆ తేదీ నచ్చలేదు. "ఆషాఢంల ఆపరేషనేంది? శ్రావణం రానియ్యి, ఎన్ని దినాలున్నయని" అంది. రాయి జారితే శ్రావణం దాకా ఆగదని మా ఆయన చెప్పారు. ఆమె ఇంకేమీ అనలేదు గానీ అమ్మవారికి మొక్కుకుంది. జులై 13 ఆదివారం లష్కర్ బోనాలు. ఇల్లంతా చుట్టాలు, తెల్లారినప్పటి నుంచి మటన్ వాసన, వీధిలో డప్పులు. నాకు మాత్రం పెసరకట్టు, అన్నం. కొవ్వు తింటే రాత్రికి ఏమవుతుందో తెలుసు కాబట్టి నోరు కట్టేసుకున్నాను.

మత్తు డాక్టర్‌ని కలిసింది జులై 9న. మత్తిచ్చే ముందు చేసే ఈ తనిఖీని పీఏసీ అంటారు. అంతకు ముందే రక్తపరీక్షలు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, టూడీ ఎకో, అన్నీ కలిపి 5,800 అయ్యాయి. మామూలుగా ఈ పీఏసీ నోరు తెరిపించి, మెడ తిప్పించి, పళ్లు కదులుతున్నాయా అని చూసి, సంతకం పెట్టి పంపించే పని. ఈయన అరగంట కూర్చున్నారు. నేను ముందురోజు రాత్రి ఒక ఏ4 కాగితం రాసుకుని వెళ్లాను. ఏ మందు, ఎంత మోతాదు, ఏ పూట, ఏది పడదు, ఎక్కడ ముట్టుకుంటే నొప్పి, ఎలా పడుకుంటే మెడ పట్టేస్తుంది. ఆయన అది పూర్తిగా చదివి, ఎర్ర పెన్నుతో రెండు మూడు చోట్ల గీతలు పెట్టారు.

ఇక్కడ మందుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆసుపత్రి నుంచి నాకు వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌లో "రాత్రి 12 తర్వాత మంచినీళ్లు, మాత్రలు ఏవీ తీసుకోరాదు" అని ఉంది. అందరికీ పంపే మెసేజ్ అది. డ్యులోక్సెటిన్ ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు. 2020 లాక్‌డౌన్‌లో మెడికల్ షాపులో స్టాక్ లేక కొన్ని రోజులు ఆగిపోయింది. తల తిరగడం, తల లోపల కరెంటు షాక్ తగిలినట్టు జిల్లుమనడం, నిద్ర పట్టకపోవడం. ఈ మెసేజ్ చూపిస్తే మత్తు డాక్టర్ తల అడ్డంగా ఊపారు. ఈ రెండు మందులూ ఆపొద్దు, ఆపరేషన్ రోజు పొద్దున కూడా గుటక నీళ్లతో వేసుకోండి అన్నారు. గట్టి ఆహారం ఆరు గంటల ముందు ఆపాలి, ఉత్త మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా తాగొచ్చట. నాకు పొద్దున ఐదున్నర దాకా నీళ్లకి అనుమతి ఇచ్చి ఫైలు మీద రాసి సంతకం పెట్టారు. ఆ సంతకం లేకపోతే ఆ రోజు సిస్టర్లు ఒప్పుకునేవాళ్లు కాదు.

ట్రమడాల్ వద్దని కూడా ఆయనే రాశారు. ఆపరేషన్ తర్వాత చాలాచోట్ల అలవాటుగా ఎక్కించే నొప్పి మందు అది. డ్యులోక్సెటిన్‌తో కలిస్తే ఒంట్లో సెరోటోనిన్ మరీ పెరిగి వణుకు, గుండెదడ, జ్వరం రావొచ్చట. రెండూ కలిపి ఇచ్చే డాక్టర్లూ ఉన్నారు గానీ, వేరే దారి ఉన్నప్పుడు ఆ రిస్క్ ఎందుకన్నారు. పైగా డ్యులోక్సెటిన్ వాడేవాళ్లకి ట్రమడాల్ సరిగా పనిచేయకపోవచ్చు కూడా.

ఇక ఇన్సూరెన్స్. మా ఆయన కంపెనీ గ్రూప్ పాలసీ. సొంతంగా తీసుకున్న పాలసీ అయితే గాల్‌బ్లాడర్ రాళ్లకి సాధారణంగా రెండేళ్ల వెయిటింగ్ ఉంటుంది, ముందే చూసుకోండి. మాకు ఆ బాధ లేదు. క్యాష్‌లెస్ కోసం పేపర్లు పెడితే ప్రశ్న వచ్చింది: "పేషెంట్‌కి ఫైబ్రోమయాల్జియా ఎంతకాలంగా ఉంది? దానికీ ప్రస్తుత చికిత్సకీ సంబంధం ఏమిటి?" సర్జన్ మేడమ్ లెటర్‌హెడ్ మీద ఏ సంబంధమూ లేదని రాసిచ్చాక 80,000కి అనుమతి వచ్చింది. పాలసీలో రూమ్ అద్దె రోజుకి 5,000 దాటకూడదు. నిద్ర కోసం సింగిల్ రూమ్ తీసుకుందామనుకున్నాను, తేడా డబ్బు మనమే కట్టుకుంటే సరిపోతుందనుకున్నాను. ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ పనులు చూసే టీపీఏ కౌంటర్ అబ్బాయి చెప్పాడు, అలా కాదు మేడమ్, రూమ్ పెద్దది తీసుకుంటే డాక్టర్ ఫీజు, ఓటీ చార్జీలు అన్నింట్లోనూ అదే లెక్కన కోస్తారని. ఇద్దరుండే రూమే తీసుకున్నాం.

జులై 17, గురువారం. ఐదున్నరకి మాత్రలు, చివరి గుటక నీళ్లు. ఆరున్నరకి అడ్మిషన్. నగలు తీసేయమన్నారు, పుస్తెలతాడుతో సహా. అత్తమ్మ ముఖం చిన్నబోయింది. ముందే అనుకుని వచ్చింది కాబోలు, సంచిలోంచి పసుపుకొమ్ము కట్టిన దారం తీసి నా మెడలో వేసింది. సిస్టర్ చూసి నవ్వి, "ఇది పర్లేదమ్మా" అంది.

ఎనిమిదిన్నరకి అనుకున్నది పదింపావు అయింది, మధ్యలో ఒక ఎమర్జెన్సీ కేసు వచ్చిందట. ఆ గంటా నలభై ఐదు నిమిషాలు ఆ రోజు మొత్తంలో నాకు అన్నింటికన్నా కష్టంగా గడిచాయి. ఓటీ బయట సన్నటి రెగ్జిన్ పరుపున్న స్ట్రెచర్, పైన ఏసీ. చలికి నా కండరాలు ఒక్కొక్కటే బిగుసుకుంటూ వచ్చాయి, తుంటి దగ్గర మంట మొదలైంది. ఇంకొక దుప్పటి అడిగాను, ఇచ్చారు. కుర్చీలో కూర్చోవచ్చా అని అడిగాను. వార్డు బాయ్ వింతగా చూశాడు గానీ కుర్చీ తెచ్చాడు. అడిగితే ఇస్తారు. అడగాలని ఎవరికీ తోచదు, అంతే.

లోపల మత్తు డాక్టర్ నన్ను టేబుల్ మీద పడుకోబెట్టి, "ఇంకా మత్తివ్వలేదు, మీకు ఎలా సౌకర్యంగా ఉందో సర్దుకోండి" అన్నారు. మత్తులో ఉండగా మెడ వంకరగా ఉన్నా మనకి తెలియదు, లేచాక తెలుస్తుంది. మెడ కింద చుట్టిన టవల్, మోకాళ్ల కింద దిండు, చేతులు చాపిన బల్లల మీద మెత్త. బీపీ పట్టీ బిగిస్తే నాకు ఏడుపొస్తుందని కాగితంలో రాశాను. దాని కింద దూది చుట్టారు. చుట్టూ ఐదారుగురు నిలబడి ఎదురుచూస్తుంటే, "ఇంకొంచెం ఎడమకి, కాదు, కిందికి" అని చెప్పడం సిగ్గుగా అనిపించింది. ఆయన మాత్రం "తొందరేం లేదు మేడమ్" అంటూనే ఉన్నారు. చేతి నరంలోకి తెల్లటి మందు ఎక్కిస్తుంటే మోచేయి దాకా మంట పాకింది. అది మంట పుడుతుందని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు.

లేచేసరికి పన్నెండున్నర దగ్గర పడింది. గొంతు గరగర, నోరు పిడచకట్టుకుపోయింది, కొంచెం వికారం. రికవరీలో సిస్టర్ అడిగింది: "నొప్పి ఎంత మేడమ్, పదికి?"

"ఐదు."

"ఎక్కడ?"

"మెడ, నడుము, మోకాళ్లు."

ఆ పిల్ల నా పొట్ట వైపు, నా ముఖం వైపు మార్చి మార్చి చూసి, పరుగున వెళ్లి డాక్టర్‌ని తీసుకొచ్చింది. ఆయన నవ్వేశారు. ఎప్పుడు అడిగినా రెండు అంకెలు చెప్పమన్నారు, పాత నొప్పి ఎంత, కొత్త నొప్పి ఎంత అని. నా చార్టు మీద అడ్డంగా గీత గీసి రెండు గడులు చేశారు. పాతది 5, కొత్తది 3. ఈ ఒక్క పద్ధతి వల్ల ఆ రెండు రోజులు నాకు అక్కర్లేని మందు ఎక్కలేదు, కావాల్సిన మందు ఆగలేదు. నేనేదో నఖరాలు చేస్తున్నానని ఎవరూ అనుకోలేదు కూడా. ఫైబ్రో ఉన్న మనకి ఆసుపత్రిలో అసలు భయం అదేగా.

కోతల దగ్గర ముందే మొద్దుబార్చే మందు వేశారు కాబట్టి సాయంత్రం దాకా పొట్ట నొప్పి పెద్దగా తెలియలేదు. ఆరింటికి లేపి నడిపించారు. ఎనిమిదింటికి వేరే సిస్టర్, డ్యూటీ మారింది, చిన్న సెలైన్ సీసాలో ఏదో మందు కలిపి తెచ్చింది. ఏంటమ్మా అది అంటే "పెయిన్ కిల్లర్ మేడమ్" అంది. పేరు అడిగాను. ట్రమడాల్. నా ఫైలు మొదటి పేజీలో పెట్టిన కాగితం చూడమన్నాను. ఫైలు తెరిస్తే పైన ఇన్సూరెన్స్ పేపర్లు, వాటి కింద కన్సెంట్ ఫారాలు, వాటి కింద నా ఏ4 కాగితం. ఆమె చదివి, సీసా ట్రేలో పెట్టేసి, డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసింది. ఇరవై నిమిషాలకి దాని బదులు పారాసెటమాల్ ఎక్కించారు, ఆరు గంటలకోసారి అని మార్చి రాశారు. "అడగడం మంచిదైంది మేడమ్" అంది వెళ్తూ. ఇంకొక కాపీ ఉంటే మంచం తల వైపు గోడకి అంటించమని మా ఆయనతో చెప్పాను. అంటించారు.

ఆ రాత్రి నిద్ర లేదు. పక్క బెడ్ పెద్దమ్మకి తోడు ఉన్న మనవడు ఒంటిగంట దాకా ఫోన్‌లో రీల్స్ చూశాడు. గంటకోసారి బీపీ, టెంపరేచర్. కళ్లకి గంతలు, చెవుల్లో దూది, ఇంటి నుంచి తెచ్చుకున్న దిండు, ఇవేవీ పెద్దగా పనిచేయలేదు. రెండింటప్పుడు కుడి భుజంలో నొప్పి మొదలైంది. లోపల ఎక్కడో పీకుతున్నట్టు, ఊపిరి పీలిస్తే ఎక్కువ. ఫ్లేర్ వచ్చేసిందనుకున్నాను, వణుకు పుట్టింది. డ్యూటీ డాక్టర్ కుర్రాడు వచ్చి విని, "ఇది గ్యాస్ నొప్పి మేడమ్, అందరికీ వస్తుంది" అన్నాడు. ఆపరేషన్ కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. అది పైనున్న డయాఫ్రమ్‌ని, అంటే ఊపిరితిత్తుల కింది కండరాన్ని, రేపుతుంది. అక్కడి నరం నొప్పి భుజంలో తెలుస్తుంది. లేచి కారిడార్‌లో నడిస్తే తగ్గుతుందన్నాడు. తెల్లారేదాకా మా ఆయన సెలైన్ స్టాండ్ పట్టుకుని నాతో పాటు నడిచారు. ఈ భుజం నొప్పి గురించి ముందుగా ఎవరూ చెప్పలేదు. కోతల కన్నా ఇదే ఎక్కువ బాధ పెట్టింది. జులై 20 నాటికి పూర్తిగా పోయింది.

శుక్రవారం పదిన్నరకి డిశ్చార్జ్ అన్నారు. ఆసుపత్రి నుంచి కదిలేసరికి ఆరు కావొచ్చింది. ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం డిశ్చార్జ్ రిక్వెస్ట్ అందిన మూడు గంటల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీ తుది అనుమతి ఇవ్వాలి. ఆ రిక్వెస్ట్ ఆసుపత్రి నుంచి వెళ్లడానికే రెండున్నర దాటింది. గడియారం అప్పటి నుంచి మొదలవుతుంది, డాక్టర్ సరేనన్నప్పటి నుంచి కాదు. అందుకని పొద్దున నుంచి బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడాల్సిన మనిషి ఒకరుండాలి. మొత్తం బిల్లు 1,12,600. గ్లౌజులు, మాస్కులు, రిజిస్ట్రేషన్ వగైరా నాన్-మెడికల్ కింద మేం కట్టింది 7,900. ఇంటికి క్యాబ్‌లో వచ్చాం, పొట్ట మీద దిండు అదుముకుని. చిలకలగూడ దాటేదాకా ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ డ్రైవర్ వెనక్కి తిరిగి "సారీ అక్కా" అన్నాడు.

ఇంట్లో మొదటి వారం నా జన్మలో చూడని మర్యాద. వదిన రెండు రోజులుండి వంట చేసింది. ఆడపడుచు బత్తాయిలు తెచ్చింది, కింది ఫ్లోర్ ఆంటీ హార్లిక్స్ తెచ్చింది. "లేవకు లేవకు, పడుకో" అనడమే అందరూ. ఆసుపత్రిలో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నా రాళ్లు వేసి మా ఆయన చేతికిచ్చారు. ఆ డబ్బా అత్తమ్మ అధీనంలోకి వెళ్లింది. ఎవరొచ్చినా స్టీలు మూతలో పోసి చూపించేది. "చూడుర్రి, గిన్ని రాళ్లు కడుపుల పెట్టుకుని తిరిగింది పిల్ల." ముదురు పచ్చ, గోధుమ రంగుల్లో, పలకలు పలకలుగా. వాళ్లు వేలితో కదిపి చూసి, అయ్యో అని నా వైపు తిరిగేవాళ్లు. ఎనిమిదేళ్లలో నా నొప్పికి ఒక్క బత్తాయి రాలేదు. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. మూతలో పోసి చూపించడానికి ఫైబ్రోకి ఏముంది?

కొత్త నొప్పి మాత్రం చెప్పినమాట విన్నది. రోజుకింత తగ్గింది. చార్టు అలవాటైపోయి ఇంట్లో కూడా నోట్‌బుక్‌లో రెండు గడులు రాసుకున్నాను. కొత్త గడిలో 4, 3, 3, 2. అలా అంకె కిందికి దిగడం చూస్తుంటే ఎంత హాయిగా ఉండేదో, పొద్దున లేవగానే ముందు అదే రాసేదాన్ని. 22వ తేదీకల్లా పారాసెటమాల్ మానేశాను. 25న రివ్యూ, డ్రెస్సింగ్ తీసేశారు. బయాప్సీ రిపోర్టులో భయపడాల్సిందేమీ లేదు, పాత వాపు అని ఉంది. సర్జన్ మేడమ్ పాత గడి కూడా చూశారు. అక్కడ 5, 5, 6, 6. "ఇది ఎక్కుతోంది" అన్నారు.

ఎక్కింది. ఆగస్టు మొదటి వారంలో ఫ్లేర్ పూర్తిగా పట్టుకుంది. ఆపరేషన్ రోజు వస్తుందని భయపడ్డది మూడో వారంలో వచ్చింది. చుట్టాలు వెళ్లిపోయారు, పనిమనిషి ఊరెళ్లింది, కుట్లు మానిపోయాయి. చీర కుచ్చిళ్లు పెట్టుకుంటే వేళ్లు నొప్పి, దువ్వెన తగిలితే తల నొప్పి. 8న వరలక్ష్మీ వ్రతానికి పీట మీద కూర్చోలేక కుర్చీలో కూర్చుని కథ విన్నాను. "ఆపరేషన్ మంచిగ అయింది కదా, ఇంకా ఏంది?" అని అత్తమ్మ అడిగింది. తప్పుగా అడగలేదు పాపం, నిజంగానే అర్థం కాక అడిగింది. రుమటాలజిస్ట్ మేడమ్ కారణాలు వివరించారు. రాత్రుళ్లు నిద్ర చెడటం, రోజుల తరబడి కదలకుండా పడుకోవడం, ఒంటికి తగిలిన దెబ్బకి నరాల వ్యవస్థ ఇంకా చల్లబడకపోవడం. ప్రీగాబాలిన్ రాత్రి మోతాదు కొన్నాళ్లకి పెంచారు. రోజూ పది నిమిషాలతో నడక మొదలుపెట్టమన్నారు. "పడుకో" అన్న బంధువుల మర్యాదే నన్ను ఇంకొంచెం ముంచిందన్నమాట. వాళ్లకి అది చెప్పలేను.

స్కూల్లో సర్జరీ సెలవు రెండు వారాలు అడిగిన రోజే ఇచ్చారు, ప్రిన్సిపల్ మేడమ్ ఫోన్ చేసి పరామర్శించారు కూడా. ఫ్లేర్ కోసం ఇంకో రెండు వారాలు అడిగితే మళ్లీ డాక్టర్ సర్టిఫికెట్ కావాలన్నారు, అందులో ఫైబ్రోమయాల్జియా అని ఉంటే సరిపోదు, సర్జరీ అని ఉండాలన్నారు. సర్జన్ మేడమ్ "శస్త్రచికిత్స అనంతర విశ్రాంతి" అని రాసిచ్చి గట్టెక్కించారు. ఆగస్టు 18, సోమవారం తిరిగి క్లాసుకి వెళ్లాను. మొదటి వారం కూర్చుని చెప్పాను, బోర్డు మీద పిల్లల చేత రాయించాను. నెలాఖరుకి పాత గడి మళ్లీ 5కి దిగింది. నాకు ఐదంటే మామూలు రోజు.

మిగిలింది బిల్లులు. మా పాలసీలో ఆపరేషన్‌కి ముందు 30 రోజులు, తర్వాత 60 రోజుల ఖర్చు తిరిగి ఇస్తారు. పీఏసీ పరీక్షలు, సర్జన్ ఫీజు, మందులు అన్నీ ఒరిజినల్ బిల్లులతో సెప్టెంబర్‌లో పంపాం. మూడు వారాలకి చాలావరకు వచ్చేసింది. ఫ్లేర్ సమయంలో రుమటాలజిస్ట్ ఫీజు, పెంచిన ప్రీగాబాలిన్, కలిపి 2,340 మాత్రం తిప్పికొట్టారు. కారణం: సదరు జబ్బుకీ శస్త్రచికిత్సకీ సంబంధం లేదని ఆసుపత్రి ఇచ్చిన లెటర్ ఫైలులో ఉంది. ఆ లెటర్ రాయించుకున్నది వాళ్లే. అప్పీల్ చేద్దామా అన్నారు మా ఆయన. రెండు వేల చిల్లర కోసం మళ్లీ ఆ కౌంటర్ల చుట్టూ తిరిగే ఓపిక లేదని వదిలేశాం.